జనరల్ ఎడ్యుకేషన్ పేపరులో ఒక అవ్వ

మా వీధిలో ఒక కుర్రవాడికి డిగ్రీ కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బాతో వచ్చి, "ఏమన్నా సలహా చెప్పండి సార్" అన్నాడు. నేను గొంతు సవరించుకునేలోపు వాళ్ళ నాయన పిలిచాడని వెళ్ళిపోయాడు. స్వీట్లు అయిపోయాయి, సలహా మాత్రం మిగిలిపోయింది. దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. అవి వచ్చాయి. బదిలీలూ వచ్చాయి, చివర్లో ఒక శాలువా వచ్చింది. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు. నేర్చుకున్నదంతా ఉద్యోగం మొదట్లో, అరవైలలో, హిందూపురంలో నేర్చుకున్నాను. అదీ నాకు ఏమాత్రం ఇష్టం లేని ఒక సబ్జెక్టు వల్ల.

ఎవరిదీ కాని సబ్జెక్టు

అప్పటికి కొత్తగా డిగ్రీ మూడేళ్ళదయింది. దానితోపాటు జనరల్ ఎడ్యుకేషన్ అని ఒక పేపరు వచ్చింది. బి.ఏ. చదివేవాళ్ళు కొంత సైన్సు, బి.ఎస్సీ. చదివేవాళ్ళు కొంత చరిత్ర, సాహిత్యం తప్పనిసరిగా చదవాలి. ఆలోచన చాలా మంచిది. చరిత్ర చదివినవాడికి మలేరియా ఎందుకు వస్తుందో తెలియాలి, కెమిస్ట్రీ చదివినవాడికి తాను ఓటు ఎందుకు వేస్తున్నాడో తెలియాలి. ఎవరు కనిపెట్టారో గాని వాళ్ళకు దండం పెట్టవచ్చు.

మేము మాత్రం దాన్ని ఎట్లా చూశామంటే, పెళ్ళిలో పిలవకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాము. ఆ పేపరు మార్కులు ఫస్టు క్లాసు, సెకండు క్లాసు లెక్కలోకి రావు. కాని అందులో తప్పితే డిగ్రీ రాదు. ఏ డిపార్టుమెంటూ అది తనదని ఒప్పుకోలేదు. చివరికి అందరికంటే చిన్నవాడి నెత్తిన పడేది. కెమిస్ట్రీలో అందరికంటే చిన్నవాణ్ణి నేను.

"ఏమబ్బా, జనరల్ ఎడ్యుకేషన్ నీకు తగులుకునిందంట గదా," అని స్టాఫ్ రూములో నవ్వారు. "బి.ఏ. వాళ్ళకు సైన్సు చెప్పేది, గొడ్లకు ఎకనామిక్సు చెప్పేది ఒకటే. రాయించి వచ్చేయ్, ఊరికే గొంతు చించుకోవద్దు."

మా హెడ్డు ఇంకొక మాట చెప్పాడు. "ల్యాబులోకి మాత్రం వాళ్ళను రానీకు నాయనా. గ్లాసులు పగులుతాయి." అందుకని మైక్రోస్కోపు గురించి మూడేళ్ళు చదివిన బి.ఏ. పిల్లలు మైక్రోస్కోపును కిటికీలోంచి చూశారు. ఒకబ్బాయి అడిగాడు కూడా, "సార్, అది పెద్దగా చూపిస్తుంది సరే, మాకు దాన్ని దగ్గరగా ఎవరు చూపిస్తారు?" అని. బాగా అన్నాడని నవ్వి ఊరుకున్నాను. చూపించలేదు.

టైంటేబులులో ఆ క్లాసు చివరి పీరియడు. అందరికీ ఇంటికి పోయే తొందర. నాకు ఇంకా తొందర.

ధర్మవరం ప్యాసింజరు

మా ఇల్లు ధర్మవరంలో. ఇంటినిండా మగ్గాలు. నాయనకు, అన్నలకు పట్టుచీరల పని. నేనొక్కణ్ణే చదువుకుని బయటపడ్డాను. హిందూపురంలో గది తీసుకోకుండా రోజూ రైల్లో వచ్చి పోయేవాణ్ణి. రైల్లో నలుగురం కలిస్తే తువ్వాలు పరిచి పేకాట. మరుసటి రోజు పాఠం పేకాట మధ్యలో, పెనుకొండ దాటాక, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని చూసుకునేవాణ్ణి. చేతిలో మంచి ముక్కలు పడిన రోజు అదీ ఉండేది కాదు.

పెనుకొండలో సరోజ, వాళ్ళ అవ్వ వెంకటమ్మ ఎక్కేవాళ్ళు. సరోజ మా కాలేజీలో బి.ఏ. చదివే ఇద్దరాడపిల్లల్లో ఒకతె. ఆమె తండ్రి నారాయణప్ప పెనుకొండ దగ్గర పల్లెలో భూమి ఉన్న రైతు. పిల్లను ఒంటరిగా రైలెక్కించడానికి ఆయన ఒప్పుకోలేదు. అవ్వ వెంట పోతేనే చదువు అన్నాడు. ఒక్కసారి తప్పినా ఇంట్లో కూర్చోవాలని కూడా అన్నాడు. సరోజకు బి.ఇడి. చేసి హైస్కూల్లో టీచరు కావాలని పట్టుదల. అందుకని అవ్వ కూడా ఆ మూడేళ్ళూ కాలేజీకి వచ్చింది. పొద్దున వచ్చి వరండాలో కూర్చుని, ఒడిలో శెనక్కాయలు పోసుకుని ఒలుస్తూ సాయంత్రం దాకా ఉండేది. ప్యూను నుంచి ప్రిన్సిపాలు దాకా అందరినీ పలకరించేది.

"అయ్యవారూ, నిన్న ఆటలో ఓడిపోతివంట?" అని నన్ను రైల్లో అడిగేది.

"ఎవరు చెప్పినారవ్వా?"

"నీ మొకమే చెప్తాండాది."

రాసుకో

మేము పాఠం చెప్పేవాళ్ళం కాము, రాయించేవాళ్ళం. ఇది యువ లెక్చరర్లు తెలుసుకోవాలి. హైస్కూలు దాకా తెలుగులో చదివిన పిల్లలు కాలేజీకి రాగానే అన్నీ ఇంగ్లీషులో చదవాలి. వాళ్ళకు ఇంగ్లీషులో సొంతంగా వాక్యం రాయాలంటే భయం. మాకు వాళ్ళ ప్రశ్నలంటే భయం. ఈ రెండు భయాలకూ డిక్టేషన్ మందు. నేను ఒక్కో వాక్యం రెండుసార్లు చెప్పేవాణ్ణి, వాళ్ళు రాసుకునేవాళ్ళు, బట్టీ పట్టేవాళ్ళు, పరీక్షలో దింపేవాళ్ళు. కామాతో సహా దింపేవాళ్ళు. నన్ను మంచి లెక్చరరు అనేవాళ్ళు, నోట్సు బాగా ఇస్తాడని.

ఒక డిసెంబరు సాయంత్రం ఋతువుల పాఠం వచ్చింది. ముందు రోజు రైల్లో నాకు మంచి ముక్కలు పడ్డాయి. పుస్తకం తెరవలేదు. ఋతువులకేముంది, అందరికీ తెలిసిందే గదా అని నోటికి వచ్చింది రాయించాను. భూమి సూర్యునికి దగ్గరగా పోయినప్పుడు ఎండాకాలం, దూరంగా పోయినప్పుడు చలికాలం అని. ఒక ఉపమానం ఉంటే బాగుంటుందనిపించింది. వరండాలో ఎండ పక్కకు జరిగిపోతుంటే వెంకటమ్మవ్వ కూడా ఒడిలో శెనక్కాయలతో సహా ఎండలోకి జరుగుతోంది. చలికి గ్రాండ్‌మదర్ ఎండలోకి జరిగినట్టు భూమి సూర్యుని వైపు జరుగును అని ఇంగ్లీషులో చెప్పి, వేలితో బయటికి చూపించాను. క్లాసంతా తిరిగి చూసి నవ్వింది. అవ్వ కూడా ఏమిటో తెలియకుండానే నవ్వింది.

సరోజ లేచి నిలబడింది. "సార్, ఆస్ట్రేలియాలో డిసెంబరులో ఎండాకాలమని హైస్కూల్లో చదివినాం. భూమంతా ఒకేసారి దూరం పోతే ఆడ మాత్రం ఎండలు యాల కాస్తాయి సార్?"

"నీకు పరీక్ష ఆస్ట్రేలియాలో లేదమ్మా, ఇక్కడే ఉంది. రాసుకో," అన్నాను. మళ్ళీ నవ్వారు. ఆమె కూర్చుని రాసుకుంది.

మరుసటి రోజు లైబ్రరీలో చూశాను. ఆ పిల్ల అడిగిందే సరి. భూమి కాస్త వాలి తిరుగుతుంది. మన సగం సూర్యుని వైపు వాలినప్పుడు మనకు ఎండాకాలం, అప్పుడు అవతలి సగానికి చలికాలం. దగ్గర, దూరాలతో దీనికి సంబంధం లేదు. నిజానికి మన చలికాలంలోనే భూమి సూర్యునికి కాస్త దగ్గరగా ఉంటుంది. నేను చెప్పింది సరిగ్గా తలకిందులు.

క్లాసుకు పోయి, "నిన్న తప్పు చెప్పాను, కొట్టేయండి" అనడానికి ఎంతసేపు పడుతుంది? రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు నాకు ఆ సంవత్సరమంతా దొరకలేదు. ఒక ఆడపిల్ల ముందు, అందులోనూ అందరి ముందు గదమాయించిన తరువాత, ఎట్లా ఒప్పుకోవడం? పైగా జనరల్ ఎడ్యుకేషన్ గదా, ఎవరు పట్టించుకుంటారు? ఆ రోజు దోమల పాఠం మొదలుపెట్టాను.

తెలియక తప్పు చెప్పడం మన వృత్తిలో మామూలే. రోజూ మాట్లాడేవాడి నోరు ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. తెలిసిన తరువాత దోమల పాఠం మొదలుపెట్టడం మాత్రం వేరు.

ఈ గ్రాండ్‌మదర్ ఎవరు?

ఆ ఏడు పరీక్షలో ఋతువుల మీద పెద్ద ప్రశ్న పడింది. నోట్సులో వచ్చిందే పడిందని పిల్లలు సంతోషంగా బయటికి వచ్చారు. నా తప్పు జవాబు ఒకరో ఇద్దరో రాసుంటారులే అనుకున్నాను.

అందరూ రాశారు. పేపర్లు దిద్దినాయన ఒక్కో పేపరు తెరిస్తే ఒక్కో అవ్వ ఎండలోకి జరుగుతోంది. అదే తప్పు, అవే మాటలు. ఇది సామూహికంగా కాపీ కొట్టడమేనని ఆయన యూనివర్సిటీకి రాశాడు. మా బి.ఏ. క్లాసు ఫలితాలు మొత్తం ఆపేశారు. విచారణకు ఒక ప్రొఫెసరు వస్తాడని కబురు వచ్చింది.

ప్రిన్సిపాలు నన్ను పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాడు. కాలేజీని కన్నబిడ్డలాగా చూసుకునేవాడు, అదే ఇబ్బంది. తలుపు దగ్గరికి వేసి, "ఆ అవ్వ సంగతి నీదేనా?" అన్నాడు.

"నాదే సార్."

"చూడు నాయనా. పిల్లోళ్ళు కాపీ కొట్టినారంటే పిల్లోళ్ళకు చెడ్డపేరు. సైన్సు లెక్చరరే తప్పు చెప్పినాడంటే కాలేజీకి చెడ్డపేరు. పిల్లోళ్ళు మూడేండ్లకు పోతారు. కాలేజీ యాడికి పోతాది? పైగా నీ ప్రొబేషన్ ఇంకా అయిపోలేదు. గమ్మునుండు."

గమ్మునున్నాను. ఆ మాట ఆయన చెప్పకపోయినా ఉండేవాణ్ణేమో. ఆయన చెప్పినందువల్ల నేరం సగం ఆయన మీద పెట్టుకుని హాయిగా నిద్రపోయాను. పై అధికారి ఇచ్చే తప్పుడు సలహాలో ఉండే సుఖం అది. మీకూ దొరుకుతుంది, జాగ్రత్త.

వరండా

విచారణ రోజు పిల్లలందరినీ పిలిపించారు. ప్రిన్సిపాలు గదిలో ప్రొఫెసరు కూర్చున్నాడు. నేను పక్క గదిలో, మధ్యలో ఒక పలచటి తెర. లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి.

మొదటి అబ్బాయిని ఋతువుల గురించి చెప్పమన్నారు. గడగడా చెప్పాడు, నేను ఊపిరి తీసుకున్న చోట వాడూ ఊపిరి తీసుకుంటూ. రెండోవాడూ అంతే. మూడోవాడూ అంతే.

"కాపీ కాదు ఇది," అన్నాడు ప్రొఫెసరు. "వీళ్ళకు నోటికి వచ్చు. సైన్సు చదివిన లెక్చరరెవడూ ఇట్లాంటిది చెప్పడు. అంటే బయటివాడెవడో పేపరు ముందే సంపాదించి, వాడికి తోచిన జవాబు రాసిచ్చాడు. పేపరు లీకయింది. ఇది కాపీ కంటే పెద్ద నేరం ప్రిన్సిపాలు గారూ."

ప్రిన్సిపాలు తరువాతి అబ్బాయిని పిలిపించాడు. ఒక్కొక్కరినీ అడిగారు, ఎవరు రాసిచ్చారని. ఒక్కడూ నా పేరు ఎత్తలేదు. చెబితే పేపరు లీకు చేసింది సారే అంటారని వాళ్ళ భయమట. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది. "మేమే చదువుకున్నాం సార్" అన్నారు అందరూ. ఇది కూడా బట్టీ పట్టినట్టే ఉంది.

నేను అక్కడ కూర్చోలేక వరండాలోకి వచ్చాను. వెంకటమ్మవ్వ ఎప్పటిచోటే ఉంది. ఒడిలో శెనక్కాయలు లేవు. పక్కన నారాయణప్ప నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. సరోజను లోపలికి పిలిచారు.

"అయ్యవారూ," అంది అవ్వ చిన్నగా. "ఆ పొద్దు నన్ను చూపించి పిల్లోళ్ళను నవ్విస్తివే, అదేనంట గదా వీళ్ళు రాసుండేది?"

"అవునవ్వా."

"నువ్వు చెప్పిందే గదా రాసినారు."

"అవును."

"మరి లోపల ఉండాల్సినోడివి, ఈడ యాల నిలబడుకున్నావు?"

కోపంగా అనలేదు. దారి తప్పినవాడికి దారి చెప్పినట్టు అంది.

నేను తలుపు తోసుకుని లోపలికి పోయాను. సరోజ బల్ల ముందు నిలబడి ఉంది. ప్రిన్సిపాలు నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు. నేను ఆయనవైపు చూడలేదు, చూస్తే వెనక్కి వచ్చేసేవాణ్ణి.

"సార్, పేపరు లీకు కాలేదు," అన్నాను ప్రొఫెసరుతో. "ఆ గ్రాండ్‌మదర్ బయట వరండాలో ఉంది. ఈ అమ్మాయి అవ్వ. ఆ జవాబు నేనే రాయించాను. తప్పని మరుసటి రోజే తెలిసింది. దిద్దలేదు."

ప్రొఫెసరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. లేచి తలుపు దాకా వచ్చి అవ్వను చూశాడు. అవ్వ నమస్కారం పెట్టింది. ఆయనా పెట్టి, వచ్చి కూర్చున్నాడు.

"క్లాసులో ఎవరూ అడగలేదా?"

"ఈ అమ్మాయి అడిగింది సార్. నేను కూర్చోమన్నాను."

ఆయన సరోజవైపు తిరిగాడు. "నీకు అనుమానం వచ్చింది గదమ్మా. మరి పరీక్షలో అదే ఎందుకు రాశావు?"

"పేపరు దిద్దేదీ సార్లే గద సార్," అంది. "ఏ సారుకు ఏది నిజమో మాకేం తెలుస్తాది?"

ముప్పై ఏళ్ళు పైగా పాఠాలు చెప్పాను. మా చదువు గురించి అంతకంటే సరైన మాట నేను వినలేదు.

ఆ తరువాత

ఆ ఒక్క ప్రశ్నకు అందరికీ సున్నా వేసి, మిగతావి దిద్ది ఫలితాలు ఇచ్చారు. సరోజ పాసయింది. ఇద్దరు తప్పారు. ఆ ప్రశ్నకు సగం మార్కులు వచ్చినా గట్టెక్కేవాళ్ళు. సెప్టెంబరు పరీక్షకు వాళ్ళకు నేనే చెబుతానని కబురు పెట్టాను. ఒకడు వచ్చాడు, చదివాడు, పాసయ్యాడు. రెండోవాడు, ముదిగుబ్బ అబ్బాయి, రాలేదు. వెతుక్కుంటూ వాళ్ళ ఊరికి పోతే గొర్రెలు తోలుకుని పోయాడన్నారు. నన్ను చూడడం ఇష్టం లేక పోయాడేమో కూడా. ఆ అబ్బాయి డిగ్రీ నేను చెడగొట్టాను. దీనికి నా దగ్గర సర్దుబాటు మాట ఏదీ లేదు.

నా ప్రొబేషన్ ఇంకో ఏడాది పెంచారు. అది తక్కువే. ప్రిన్సిపాలు కొన్నాళ్ళు మాట్లాడలేదు. తరువాత ఒకరోజు ల్యాబు తాళం చెవులు నా చేతిలో పెట్టి, "పగిలితే పగలనీ, తీసుకునిపో వాళ్ళను" అన్నాడు. తీసుకుపోయాను. గ్లాసులు పగిలాయి. బి.ఎస్సీ. వాళ్ళు పగలగొట్టే వాటికంటే ఎక్కువేమీ కాదు.

పెనుకొండ

ఫలితాలు వచ్చిన వారం రైలు పెనుకొండలో ఆగితే దిగాను. పక్కన పేకముక్కలు పంచుతున్నారు, "యాడికబ్బా, ఆట మధ్యలో?" అని అరిచారు. పల్లెకు నడిచిపోయి నారాయణప్ప ఇంటి ముందు నిలబడ్డాను.

అవ్వ ముందు చూసింది. "రాప్పా. నా సంగతి యూనివర్సిటీ దాకా పోయిందంట గదా. నేనెప్పుడూ హిందూపురం దాటిందాన్ని కాదు."

నారాయణప్ప మంచం చూపించాడు గాని తాను కూర్చోలేదు. నేను వచ్చిన పని చెప్పాను. తప్పు నాదని, సరోజది ఏమీ లేదని, క్షమించాలని. ఆయన అంతా విన్నాడు.

"పాసయిందని తెలుసు సారూ. ఊర్లో ఏమంటాండారో నీకు తెలుసునా? కాపీ కొట్టి దొరికిపోయింది, వాళ్ళ నాయన పోయి ఎవురి కాళ్ళో పట్టుకుని పాసు చేయించినాడు, అంటాండారు. ఇంక ఆ పిల్లను బి.ఇడి.కి యాడికి పంపేది? నువ్వు నా ముందర చెప్పినావు. నాకు ముందే తెలుసు నా బిడ్డ దొంగ కాదని. నాకు చెప్పి ఏం లాభం?"

"మరి ఎవరికి చెప్పమంటావు నారాయణప్పా?"

"రోడ్డు మీద కాఫీ హోటలుండాది. సాయంత్రం ఊరంతా ఆడే ఉంటాది. ఆడికొచ్చి చెప్పు."

పోయాను. బెంచీల నిండా జనం. నారాయణప్ప ఒక పక్కన నిలబడ్డాడు. నేను ఫలానా అని చెప్పి, నారాయణప్ప కూతురు కాపీ కొట్టలేదు, నేనే తప్పు రాయించాను అన్నాను. ఒక పెద్దాయన అడిగాడు, "అంత పెద్ద తప్పు ఏం రాయించినావప్పా?"

చెప్పాను. వాళ్ళకు అర్థం కాలేదు. దగ్గరికి పోతే వేడి తగలదా ఏమి, నువ్వు చెప్పింది సరిగానే ఉండాదే, అన్నారు. చిక్కు వచ్చి పడింది. నా తప్పు తప్పేనని వాళ్ళకు తెలిస్తే తప్ప సరోజ నిర్దోషి అని తెలియదు. సోడాల కోసం పెట్టుకున్న నిమ్మకాయ ఒకటి తీసుకుని, చీపురుపుల్ల గుచ్చి, పుల్లను ఎప్పుడూ ఒకే పక్కకు వంచి పట్టుకుని, మండుతున్న పొయ్యి చుట్టూ మెల్లగా తిరిగాను. ఈ పక్కన ఉన్నప్పుడు నిమ్మకాయ పైసగం పొయ్యి వైపు వాలింది చూడండి, అవతలికి పోతే కిందిసగం వాలింది చూడండి అని.

"సారూ, నిమ్మకాయ తిప్పుతాండావు, ఎవురికి దిష్టి తీస్తాండావు?" అన్నాడొకడు. హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను. చెమటలు కారుతున్నాయి. మళ్ళీ తిరగమన్నారు, తిరిగాను. చివరికి ఆ పెద్దాయన పుల్ల తన చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ వంచి చూసి, "అయితే ఇది వాలబట్టి," అన్నాడు. "ఈ సంగతి క్లాసులో మొట్టమొదట అడిగింది ఎవురు?"

"నారాయణప్ప కూతురు," అన్నాను. "సరోజ."

ఆయన నారాయణప్ప వైపు చూశాడు. ఒక్కొక్కరే అందరూ అటు తిరిగారు. నారాయణప్ప కండువా తీసి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. నాతోపాటు స్టేషను దాకా నడిచి వచ్చాడు. రైలు కూత వినబడ్డాక నోరు విప్పాడు.

"బి.ఇడి.కి అప్లికేషను యాడిస్తారో చెప్పి పో సారూ," అన్నాడు. "ఇదన్నా సరిగ్గా చెప్పు."